తులసికి పోసిన నీళ్లు

కిందటేడు నాలుగు రోజులపాటు నేను తల దువ్వుకోలేదు. ఒంట్లో జ్వరం లేదు, ఇంట్లో కష్టం లేదు. తర్వాత డాక్టరుగారు దాన్ని డిప్రెషన్ అన్నారు. విచిత్రమేమిటంటే, ఆ నాలుగు రోజులూ తులసికి నీళ్లు పోయడం మాత్రం మానలేదు.

"తులసమ్మకి పొయ్యాలనిపించే పోశావుటే?" అన్నారు మా అత్తగారు. లేదన్నాను.

"మరి తల దువ్వుకోడానికి మాత్రం అనిపించాలేం?"

నిజమే. ఇతరులకు చేసేది ధర్మం, మనకు మనం చేసుకునేది సరదా అని ఎవరు నేర్పారు మనకి? సరదా కనుక ఇష్టం పుడితేగాని చెయ్యం. ఈ జబ్బు ముందుగా మింగేది ఆ ఇష్టాన్నే! మనసు కుదుటపడ్డాక లేద్దామంటే కుదరదు. లేచి ఏదో ఒకటి చేస్తేనే మనసు కాస్త కుదుటపడుతుంది.

ఇప్పుడు రోజూ స్నానం, వేళకింత అన్నం, వీధి చివరిదాకా నడక. చేతకాని రోజు మొహం కడుక్కున్నా చాలు.

దువ్వెన మందుకు బదులు కాదు సుమండీ! మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మనంతట మనం మానకూడదు. చెప్పుకునే దిక్కు లేకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు.

తులసి మొక్కపాటి చెయ్యమా, మనం?