నజరేతువాడను పేరు

మనుష్యుని అతడు పుట్టిన ఊరి పేరుతో కొలుచుట నిన్న మొన్న పుట్టిన అలవాటు కాదు. లేఖనములు ముందుగా తెలిపినవానిని కనుగొంటిమని ఫిలిప్పు సంతోషముతో చెప్పగా, నతనయేలు మనస్సు ఆ వార్తయొద్ద నిలువలేదు. ఊరి పేరుయొద్ద నిలిచిపోయెను. నజరేతు వంటి చోట మంచి పుట్టునా యని అతడు సందేహించెను (యోహాను 1:46). విచిత్రమేమనగా, నతనయేలును గలిలయవాడే. కానా అతని ఊరు. యెరూషలేము పెద్దలు గలిలయనంతటిని చులకన చేసిరి. గలిలయవాడు నజరేతును చులకన చేసెను. అవమానింపబడినవాడు తనకంటె తక్కువవానిని వెదకుకొనుట లోకరీతి.

ఇట్టి పేరు గల సీమ యొకటి తెలుగువారి పొరుగుననే కలదు. ఇంద్రావతియు శబరియు పారు అడవుల సీమ, బస్తరు. 1998లో విభజింపబడక పూర్వము ఆ జిల్లా కేరళ రాష్ట్రముకంటె విశాలమైనది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడువరకు అది మధ్యప్రదేశ్‌లో భాగమై యుండగా, అక్కడికి బదిలీయగుటను ఉద్యోగులు శిక్షగా ఎంచెడివారు. పట్టణవాసులు ఆ ప్రజలను అడవి మనుష్యులని నవ్విరి. మురియా యువజనుల ఘోటుల్‌ను గూర్చి చెవులు కొరుక్కొనిరి. తరువాతి కాలమున ఆ పేరు వినగానే తుపాకియు మందుపాతరయు జ్ఞప్తికి వచ్చుట ఆరంభమాయెను. చదువుకొరకు దూరపు పట్టణమునకు పోయిన బస్తరు యువకుడు తన ఊరి పేరు చెప్పుటకు జంకినయెడల ఆశ్చర్యమేమి?

అట్టివాడు ఏమి చేయవలెను? సిగ్గుపడి దాచుకొనవలెనా? లేక రొమ్ము విరిచి గర్వింపవలెనా?

గర్వించుటకు కారణములు లేకపోలేదు. చిత్రకోట జలపాతమును చూచినవాడు దానిని మరువజాలడు. కొండగావ్ ప్రాంతపు ఘడ్వా పనివారు మైనపు బొమ్మపై మట్టి పూసి, మైనము కరగిపోయిన చోట లోహము పోసి చేయు ప్రతిమలు దేశదేశములకు పోవుచున్నవి. 1910లో అడవులను ప్రభుత్వము తన వశము చేసికొనుటను, వెట్టిచాకిరిని సహింపలేక ఆ ప్రజలు భూమకాల్ అను తిరుగుబాటు లేపిరి. ఒక ఊరినుండి మరియొక ఊరికి మామిడి కొమ్మలు సందేశములుగా పోయెను. వారి నాయకుడైన నేతానార్ గ్రామస్థుడు గుండాధూర్ పాలకుల చేతికి చిక్కనేలేదు.

అయితే గర్వము తనకు ఇష్టమైన పుటలనే చదువును. బస్తరు గ్రంథములో ఇతర పుటలును కలవు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనములో పోలీసు కాల్పులకు మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయనతోకూడ గిరిజనులును బలియైరి. 2005లో సల్వాజుడుం పేరిట పొరుగువాని చేతికి ఆయుధమిచ్చి పొరుగువానిమీదికి పంపిరి, గ్రామములు పాడుపడెను, 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లయొద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది రక్షణ సిబ్బంది మరణించిరి. వారిలో ప్రతివానికిని ఒక తల్లి యుండెను. ఈ పుటలను చింపివేసి జలపాతపు బొమ్మను మాత్రము గోడకు తగిలించుకొనువాడు తన ఊరిని ప్రేమించుట లేదు. ఊరి పేరున తన్నుతానే ప్రేమించుకొనుచున్నాడు.

ఈ విషయములో తెలుగువారు న్యాయపీఠమెక్కుటకు తగరు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు పోయి బస్తరు రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము చెప్పును. భోపాల్‌పట్నం, కోంటా ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినబడును. బైలాదిలా కొండల ఇనుప ఖనిజము విశాఖపట్నపు రేవునకు దిగుచున్నది. 1980లో గోదావరి దాటి ఆ అడవులలో ప్రవేశించిన సాయుధ దళములు తెలుగునేలనుండి పోయినవే. జగదల్‌పూర్‌లో ‘లాల్ చర్చి’ అని పిలువబడు మెథడిస్టు మందిరము చందయ్య అను పేరును ధరించియున్నది. 2005 తరువాత ప్రాణభయముతో పారిపోయి భద్రాచల ప్రాంతపు అడవులలో గుడిసెలు వేసికొన్నవారిని గొత్తికోయలని పిలిచి దూరముగా ఉంచినవారు ఎవరు? బస్తరు మేలులో గాని కీడులో గాని తనకు పాలు లేదని తెలుగువాడు చెప్పజాలడు.

ఇక మిక్కిలి కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. లోకము ఊరిని నిందించినప్పుడు ఆ ఊరి పక్షమున నిలుచుట సులభము. ఊరే తన బిడ్డను త్రోసివేసినప్పుడో?

2025 జనవరి 7న బస్తరు జిల్లా ఛింద్‌వాడా గ్రామమునకు చెందిన వృద్ధ సంఘకాపరి యొకడు మరణించెను. తమ వంశీకులు పాతిపెట్టబడిన గ్రామభూమిలోనే తండ్రిని ఉంచవలెనని కుమారుడు కోరెను. ఊరివారు ఒప్పుకొనలేదు. దేహము జగదల్‌పూర్ ఆసుపత్రి శవాగారములో దాదాపు మూడు వారములుండెను. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి: సొంత పొలములో పాతిపెట్టవచ్చునని ఒకరు, క్రైస్తవులకు ఏర్పరచిన స్థలములోనే జరుగవలెనని మరియొకరు. దేహము ఇక వేచియుండరాదని తలంచి, జనవరి 27న వారు కలిసి వేరొక గ్రామమైన కర్కాపాల్ శ్మశానమును నిర్ణయించిరి.

అబ్రాహాము హేతు కుమారుల మధ్య పరదేశిగా నిలిచి 400 తులముల వెండి తూచి సమాధిస్థలము కొనెను (ఆదికాండము 23). అతడు నిజముగా పరదేశి. ఛింద్‌వాడా వృద్ధుడో ఆ ఊరివాడే. ఇట్టి ఊరిని ఆ కుమారుడు ఇంకను నా ఊరని చెప్పగలడా? చెప్పవలెనని అతనిని బలవంతపెట్టు అధికారము సుఖముగా కూర్చుండి చదువు ఎవనికిని లేదు. గాయమును తేలికగా మాన్పజూచుట ప్రవక్తలు గద్దించిన పాపము.

అయితే త్రోసివేయబడిన ఒకడు ఆ మార్గమున ముందుగా నడిచెను. నజరేతు తన బిడ్డను కొండపేటువరకు నెట్టుకొనిపోయి పడద్రోయజూచెను (లూకా 4:29). ఆ సంగతి సువార్తలో దాచబడలేదు. ఊరి పరువుకొరకు సత్యము చెరిపివేయబడలేదు. అయినను ఆయన ఆ పేరును విడువలేదు. ఆయన సిలువపై మూడు భాషలలో వ్రాయబడినది ఆ ఊరి పేరే. అంతకంటె ఆశ్చర్యము దమస్కు మార్గమున జరిగెను. మహిమలోనున్న ప్రభువు సౌలుతో మాటలాడి, తాను నజరేతువాడనని చెప్పుకొనెను (అపొస్తలుల కార్యములు 22:8). పరలోక మహిమలో ఆయనకు ఊరి పేరుతో పనియేమి? లోకము నవ్విన పేరును, తన్ను త్రోసివేసిన పేరును ఆయన మహిమలోనికి తీసికొనిపోయెను.

కాబట్టి క్రైస్తవుని స్వస్థలాభిమానము గర్వమును కాదు, సిగ్గును కాదు. దోషమును దోషమని చెప్పుచు, పేరును మాత్రము విడువకుండుట అది. ఇది భారమైన ప్రేమ. ఊరిని మెచ్చుకొనువాడు ఊరివారి చప్పట్లను పొందును. ఊరిని దూషించువాడు బయటివారి చప్పట్లను పొందును. ఇట్లు ప్రేమించువానికి ఎవరి చప్పట్లును దొరకవు.

ఫిలిప్పు నజరేతు పక్షమున వాదింపలేదు. స్నేహితుని వచ్చి చూడుమనెను, నతనయేలు లేచి వచ్చెను. ప్రియ చదువరీ, వచ్చు ఆదివారమున గోదావరి ఆవలి కుటుంబమొకటి మీ మందిరపు వెనుక బల్లపై కూర్చుండవచ్చును. మీదే ఊరని అడిగినప్పుడు వారు తలవంచుకొని మెల్లగా జవాబు చెప్పవచ్చును. ఆ క్షణమున అడిగినవాని ముఖమును వారు చూతురు. నజరేతువాడును చూచును.