తెలియక తీసికొన్న రాగము

తెలియక చేసిన తప్పు తప్పగునా? "నేనెరుగను" అని చెప్పినంతనే లెక్క తీరినదని మనలో అనేకులు తలంచుదురు. ఒక సినిమాది కాని, సంఘముది కాని పాట ఈ ప్రశ్నను న్యాయస్థానమువరకు తెచ్చెను.

ఇంగ్లాండు దేశపు బీటిల్స్ అను గాయక బృందము విడిపోయిన పిమ్మట, వారిలో ఒకడైన జార్జ్ హారిసన్ 1970లో "మై స్వీట్ లార్డ్" అను పాటను వెలువరించెను. దేవుని చూడగోరు మనుష్యుని మొర అది. అందులో హల్లెలూయ అను మాటయు, హరే కృష్ణ అను మాటయు కలిసియున్నవి. ఆ కలయిక మనకు నచ్చకపోవచ్చును. నేడు నా ప్రశ్న అది కాదు. అమెరికాలోను బ్రిటనులోను ఆ పాట మొదటి స్థానమున నిలిచెను.

అయితే వినినవారికి వేరొక పాట జ్ఞాపకమునకు వచ్చెను. అది 1963లో షిఫాన్స్ అను యువతుల బృందము పాడిన "హీజ్ సో ఫైన్". దానిని కట్టిన రోనీ మాక్ అను యువకుడు ఆ సంవత్సరమే మరణించెను. పాట హక్కుగల సంస్థ 1971లో వ్యాజ్యము వేసెను. న్యాయాధిపతి రెండు రాగములను ముక్కముక్కగా పోల్చి చూచి, 1976లో తీర్పు చెప్పెను. హారిసన్ బుద్ధిపూర్వకముగా దొంగిలింపలేదు. ఎన్నడో వినిన రాగము మనస్సు అడుగున నిలిచి, తన సొంతమువలె పైకి వచ్చినది. అయినను అది అపరాధమే.

ఇది కఠినమని కొందరికి తోచును. నాకు న్యాయముగానే కనబడుచున్నది. తండ్రి గట్టు జరిపి దున్నెను. కుమారుడు ఆ సంగతి తెలియక ఏటేట పంట కోసికొనుచున్నాడనుకొనుడి. కుమారుడు దొంగ కాడు. కాని పొరుగువాని గింజలు ఎవరి గాదెలో నున్నవి? లేవీయకాండము 5వ అధ్యాయము తెలియక చేసినవానిని సహితము అపరాధి అనుచున్నది. పరిశుద్ధమైనవాటి విషయములో పొరపడినవాడు నష్టమును అచ్చుకొని, అయిదవ వంతు కూడ కలుపవలెను. దావీదు సహితము 19వ కీర్తనలో, తన కంటికే కనబడని తప్పులను గూర్చి మొరపెట్టెను గదా!

ఈ వ్యాజ్యములో తెలిసి చేసినవాడును ఒకడుండెను. హారిసన్ వ్యవహారములు చూచిన అలెన్ క్లైన్ మొదట ఆయన పక్షమున రాజీ మాటలాడెను. వారు విడిపోయిన తరువాత ఎదుటి పక్షమునకు పాట రాబడి లెక్కలు అందించి, 1978లో ఆ హక్కునే కొనెను. అనగా హారిసన్ చెల్లింపవలసిన సొమ్ము ఇక తన చేతికే రావలెను. న్యాయస్థానము దానిని ఒప్పుకొనలేదు. 1981లో అదే న్యాయాధిపతి, కొన్న వెలయైన 5,87,000 డాలర్లకు మించి క్లైన్ లాభపడరాదని తీర్పిచ్చెను. ఆ వెలను మాత్రము హారిసన్ చెల్లింపవలసియే వచ్చెను.