బుంగ చూచినవాడు



వరదకాలమందు గోదావరి గట్టును కాయు లస్కరుకు రెండు భయములు గలవు: నది యొకటి, పై అధికారి యొకటి. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారి, గట్లు తెగి, లంకలు మునిగిన సంగతి మన పెద్దలెరుగుదురు. గట్టుకు బుంగ పడినప్పుడు వెంటనే చెప్పినయెడల ఇసుక బస్తాలతో ఆపవచ్చును. కునికి ఆలస్యముగా చూచినవాడు పని పోవునని జడిసి ఊరకుండినయెడల తెల్లవారుసరికి అది గండియగును.

మేమును అట్టి అధికారులమే. మా సంఘపు కానుకల లెక్క వ్రాయు యౌవనస్థుడు 400 రూపాయలు తప్పు వ్రాసి, తానే వచ్చి చెప్పెను. మేము పెద్దలయెదుట గద్దించితిమి. మరుసటి సంవత్సరము ఇంకను పెద్ద తప్పు జరిగెను. అతడు చెప్పలేదు, తనిఖీలో బయటపడెను. దాచినది అతడే గాని, దాచుట నేర్పినది మేము.

పంఫూలియలో పని విడిచిపోయిన మార్కును పౌలు మరల వెంటబెట్టుకొనుటకు ఒప్పుకొనలేదు, బర్నబా తీసికొనిపోయెను. తరువాత ఆ మార్కునే తోడుకొని రమ్మని పౌలు తిమోతికి వ్రాసెను. దొంగతనమును పొరబాటుగా ఎంచుమని మేము చెప్పుట లేదు సుమా.

ఇప్పుడు నెలనెలా లెక్క చూచునప్పుడు మొదట మా పొరబాటు మేము చెప్పుచున్నాము. గత నెల ఆ యౌవనస్థుడును ఒకటి చెప్పెను: 120 రూపాయలు. కూర్చుండి ఇద్దరమును కలిసి సరిచేసితిమి.