ఎవరి కాళ్ల మీద?

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసీ చించుకున్నారనే ఆత్మకథ రాసినవాళ్లను మెచ్చుకుంటాం. ఎంత బాధపడుతూ రాస్తే అంత నిజం రాసినట్టని కూడా నమ్ముతాం. శ్రీశ్రీ ‘అనంతం’ నచ్చనివాళ్లు సైతం, ఏదీ దాచుకోలేదన్న మార్కు మాత్రం వేస్తారు. నా పేచీ ఆ మార్కుతోనే. బాధ నిజానికి సాక్ష్యమెలా అవుతుంది? సిగ్గుతో కుమిలే మనిషి చూపంతా తన మీదే ఉంటుంది, పక్కనున్నవాళ్లు ఆనరు.

గాంధీ ఆత్మకథలో తండ్రి మరణం చూడండి. 1885, ఆయనకు 16 ఏళ్లు. తండ్రి కాళ్లు పడుతున్న ఆయన, పినతండ్రి వచ్చి కూర్చోగానే గదిలోకి వెళ్లి, నిద్రపోతున్న భార్యను లేపారు. ఆమె గర్భవతి. నిమిషాల్లోనే నౌకరు తలుపు తట్టాడు. 40 ఏళ్ల తర్వాత కూడా ఆ మచ్చ చెరగలేదని రాసుకున్నారు. ఆ వేదనను శంకించను. కానీ పుట్టిన బిడ్డ మూడు నాలుగు రోజులకే పోయిన సంగతి అధ్యాయం చివర, ఇంతకన్నా ఏం జరుగుతుందన్నట్టు, ముక్తసరిగా వస్తుంది. కడుపుకోత కస్తూర్బాది, కథ మాత్రం ఆయన పశ్చాత్తాపానిది. 1925 నుంచి ‘నవజీవన్’లో అది వారం వారం అచ్చవుతున్నప్పుడు ఆమె బతికే ఉన్నారు. ఆమెకు చదువు చెప్పాలనుకుని చెప్పలేకపోయానని ఆ పుస్తకంలోనే ఉంది. అంటే తన వైపు కథ రాసి పక్కన పెట్టగల మనిషి కాదు. చించుకున్నది ఒకరైతే, పడింది ఇంకొకరి కాళ్ల మీద.

అయితే ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే రాయాలా? అలాగైతే దెబ్బలు తిన్నవాళ్లు ఎప్పటికీ రాయలేరు, కొట్టినవాడు ఒప్పుకుంటాడా? ఆ నియమం చెల్లదు. నేననేది వేరు. ఎదుటివాడి తప్పు రాస్తే రుజువేదని నిలదీస్తాం, సొంత తప్పు రాస్తే చేతులెత్తి దండం పెడతాం. ఆ తప్పు ఎవరికి తగిలింది, వాళ్లకు కథలో ఎంత చోటు దక్కిందని అడగాల్సింది అక్కడే. ఇంకొకరి దుఃఖాన్ని ఊహించి రాస్తే అదీ అబద్ధమే కదా అంటారా, దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కస్తూర్బా ఏడుపును గాంధీ వర్ణించి ఉంటే అదీ ఆయన మాటే అయ్యేది. తనకు తెలియని దుఃఖం దగ్గర ఆగిపోవడమే నిజాయితీ అని సరిపెట్టుకోవచ్చు. కానీ అక్కడ ఆగినట్టు లేదు, దాటిపోయినట్టుంది. బిడ్డ పోయిన మాట వెనకే, పెళ్లయినవాళ్లందరికీ హెచ్చరిక మొదలవుతుంది.