ఉత్తరము చెప్పలేనివానిని విచారింపవచ్చునా?

తనపై మోపబడిన నేరమేదో, తన యెదుట కూర్చున్నవారెవరో, తాను పలుకు మాటవలన తనకేమి కలుగునో తెలియనంతటి మతిభ్రమగల మనుష్యుని బోనులో నిలువబెట్టి విచారించుట న్యాయమగునా? ఈ ప్రశ్న న్యాయవాదుల గదులలో తప్ప మఱియెచ్చటను తఱచుగా వినరాదు. విన్నవారును అది వైద్యులు తేల్చవలసిన సంగతియని ప్రక్కకు నెట్టుదురు. వైద్యులకు అప్పగించుటకు ముందే అది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యని మా తలంపు. ఆ దృష్టితోనే దానిని ఇచ్చట విమర్శింప బూనితిమి.

మొదట ఒక చిక్కును విడదీయవలెను. మతిభ్రమను గూర్చి న్యాయస్థానము రెండు వేఱువేఱు ప్రశ్నలు వేయును. నేరము జరిగిన నిమిషమున వాని బుద్ధి యెట్లుండెనని యొకటి. విచారణ జరుగు ఈ దినమున ఎట్లున్నదని రెండవది. మొదటిది ప్రసిద్ధము. 1843లో లండను నగరమున మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి పీలు దొరగారి కార్యదర్శిని కాల్చి చంపి, మతిభ్రమ కారణముగా శిక్ష తప్పించుకొనగా దేశమంతయు అలజడి చెందెను. అప్పుడు ఇంగ్లండు న్యాయాధిపతులు చెప్పిన సూత్రముల ఛాయ 1860 నాటి మన శిక్షాస్మృతి 84వ సెక్షనులో కానవచ్చును. నేటి భారతీయ న్యాయసంహితలో అది 22వ సెక్షనైనది. చదువుకొన్నవారు చాలమంది దీనిని ఎఱుగుదురు. రెండవ ప్రశ్నను ఎఱిగినవారు కొద్దిమంది. నేరమునాటికి నిండు తెలివితో నున్నవాడు విచారణనాటికి మతిచెడి యుండవచ్చును. అట్టివాని విషయమున తప్పొప్పుల మాట అటుంచి, అసలు విచారణయే మొదలు పెట్టవచ్చునా యని ఆలోచింపవలెను. మా వ్యాసమునకు విషయము ఇదియే.

సుమారు పండ్రెండేండ్ల క్రిందట ఉచిత న్యాయసహాయము క్రింద ఒక వృద్ధుని పక్షమున నిలుచుట మాకు తటస్థించెను. పొరుగువాని పాకకు నిప్పు పెట్టినాడని వానిపై అభియోగము. చెఱసాలలో కలిసికొని, "నీవు నిప్పు పెట్టితివా?" యని యడిగితిమి. "చిత్తమండి" యనెను. "పెట్టలేదా?" యంటిమి. "చిత్తమండి" యనెను. నీ పేరేమి, నీ యూరేది యనినను అదే మాట. కోర్టులో అభియోగమును చదివి వినిపించి, నేరము ఒప్పుకొనుచున్నావా యని యడిగినప్పుడును వాడు చేతులు జోడించి ఆ మాటయే పలికెను. ఒప్పుకొన్నాడని వ్రాసికొనుటకు కాగితము సిద్ధముగా నుండెను. మేము లేచి అడ్డు చెప్పితిమి. వాని నోట చిత్తమను మాట వచ్చుచుండెనే కాని వాని చిత్తమేమో ఆ గదిలో నెవ్వరికిని తెలియదు. ఆ పూట మేము వేఱొక కోర్టులో నుండియుండినచో ఆ వినయమే వానికి శిక్షగా పరిణమించి యుండెడిది.

పూర్వకాలపు ఇంగ్లండు న్యాయము మౌనమును సహింపజాలకుండెను. ముద్దాయి ఏదో యొకటి పలికినగాని విచారణ సాగరాదని నియమము. పలుకనివాని రొమ్ముపై బరువులు పెట్టి, పలుకువఱకో ప్రాణము పోవువఱకో నొక్కుచుండిరి. ఈ క్రౌర్యము 1772 వఱకును చట్టమున నిలిచెను. అట్టి కఠినులు సైతము బరువెత్తుటకు ముందు, ఇతడు మొండితనముచే పలుకకున్నాడా లేక దైవికమైన లోపముచే పలుకజాలకున్నాడా యని విచారించుచుండిరి. రెండవదియైనచో వానిని నొక్కరాదు. నేటి శాస్త్రమంతయు ఈ చిన్న విచారణనుండి పెరిగినదే. 1831లో యార్కు నగరమున, బిడ్డను చంపినదను అభియోగముపై చెవిటి మూగయైన యొక స్త్రీని కోర్టునకు తెచ్చిరి. సైగలతో ఆమెకు కొంత తెలుపగలిగిరి. కాని జూరీలో తనకు సమ్మతము కానివారిని వలదనుటకు తనకు హక్కు కలదను సంగతిని ఎంత ప్రయత్నించినను తెలుపలేకపోయిరి. విచారణ అంతటితో నిలిచెను. 1836లో ప్రిచర్డు అను మఱియొక మూగవాని వ్యాజ్యమున, కోర్టు నడవడిని గ్రహించి తగిన ప్రతివాదము చేసికొనుటకు చాలినంత బుద్ధి వీనికి కలదా యని జూరీని విచారింపుమనిరి. 1960లో అమెరికా సుప్రీముకోర్టు, ముద్దాయి తన న్యాయవాదితో వివేకముతో ఆలోచన చేయగలిగి యుండవలెనని కూడ చెప్పెను.

కొందఱిట్లు ఆక్షేపింతురు: "సాక్షులున్నారు, ఆధారములున్నవి; ముద్దాయి తెలివితో పనియేమి? వాడు తెలిసికొన్నను తెలిసికొనకున్నను జరిగినది జరిగినదే కదా." విచారణయనగా జరిగినదానిని లెక్క తేల్చుట మాత్రమే యైనచో ఈ యాక్షేపణకు ప్రత్యుత్తరము లేదు. కాని అట్లయినచో ముద్దాయిని కోర్టునకు పిలువనక్కఱయే లేదు. పిలుచుట యెందుకనగా, "నీపై ఈ మాట వచ్చినది, నీవేమందువు?" అని అడుగుటకు. సర్వాంతర్యామియైన పరమేశ్వరునకు ఈ ప్రశ్నతో పనిలేదు. ఆయన మన హృదయమును మన నోటిద్వారా చదువుకొనడు. ధర్మపీఠమున కూర్చున్న మనుష్యుడు అంతర్యామి కాడు. ఆ రాత్రి నీవెక్కడ నుంటివి, ఈ సాక్షికిని నీకును పాతపగ యేమైన కలదా, మొదట చేయెత్తినది ఎవరు అను వానిలో సగము సంగతులు ముద్దాయికి తప్ప ఇతరులకు తెలియవు. వాడు చెప్పలేనిచో వాని వకీలు కన్నులు గట్టుకొని నడచువాడే. ఉత్తరము చెప్పజాలనివానికి తీర్పు చెప్పుట వానితో మాటాడుట కాదు, వానిని గూర్చి మనలో మనము మాటాడుకొనుట. కావున విచారణ నాపుట ముద్దాయికి చేయు దయయని మేమనము. తీర్పు తీర్పనిపించుకొనుటకు అది మొదటి మెట్టు.

ఇక పిచ్చి నటించువారి సంగతి. నటించువారు లేకపోలేదు. కాని ఈ కాలపు మనోవైద్యులు ఒక గడియ చూచి యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చువారు కారు. పలుమాఱులు మాటాడుదురు, వార్డులో ఉంచి నిద్రాహారములు గమనింతురు, ఇంటివారిని అడుగుదురు. జడ్జి చేయు పనియేమి, నీ వకీలు ఎవరి పక్షము, నేరము ఋజువైనచో నీకేమగును అని ప్రశ్నింతురు. ఇచ్చట ఒక జాగ్రత్త కావలెను. ఏనాడును కోర్టు గడప త్రొక్కని పల్లెవాడు జడ్జికిని పోలీసు అధికారికిని భేదము చెప్పలేకపోవచ్చును. అది అజ్ఞానము, అసామర్థ్యము కాదు. నేడు నెమ్మదిగా చెప్పి రేపు మరల నడిగినచో తెలివిగలవాడు చెప్పగలుగును. మతి చెదరినవాడు చెప్పలేడు. ఈ రెండవనాటి ప్రశ్న వేయుటకు ఓపిక కలవారే ఈ పనికి తగుదురు.

మన దేశమున 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడునందే ఇందుకు విధి కలదు. 1973 నాటి కోడులో అది 328, 329 సెక్షనులై, 2024 జూలై 1వ తేదినుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367, 368 సెక్షనులైనది. 2009లో చేసిన సవరణ మేలైనది. మనోవైద్యునిచేగాని మనస్తత్త్వ నిపుణునిచేగాని పరీక్ష చేయింపవలెను. వారి నిర్ణయముపై వైద్యమండలికి అప్పీలు కలదు. అన్నిటికంటె మంచి సంగతి యేమనగా, ముద్దాయి ప్రతివాదము చేయజాలనివాడని తేలినప్పుడు కోర్టు వాని న్యాయవాదిని విని, రికార్డు చూచి, అభియోగమునకు పైకి కనబడు ఆధారమైనను లేనిచో వ్యాజ్యమును వాయిదా వేయక వానిని విడిచిపెట్టవలెను. లేని వ్యాజ్యమునకై వేచియుండుట కంటె అన్యాయమేమున్నది?

ఇంతవఱకు చెప్పినది ఈ నియమముయొక్క వెలుగువైపు. చీకటివైపు చూచినచో మాకే భయము కలుగుచున్నది. మతి కుదుటపడువఱకు ఆగుదమని కోర్టు ఫైలు కట్టివేయును. ఆ పిమ్మట ఆగుచున్న సంగతియే అందఱును మఱతురు. అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రములో చెవిటి మూగయై, చిన్నపిల్లవాని బుద్ధిమాత్రమే కల యొకనిపై రెండు దొంగతనముల అభియోగము వచ్చెను. రెండింటి సొమ్మును కలిపి తొమ్మిది డాలరులు. వాడు ఎన్నటికిని విచారణకు తగినవాడు కాజాలడని వైద్యులు చెప్పిరి. తగినవాడగువఱకు ఉంచవలెనని కోర్టు చెప్పెను. ఆ రెండు మాటలను కలిపినచో యావజ్జీవ ఖైదు అగును. 1972లో ఆ దేశపు సుప్రీముకోర్టు, బాగుపడు ఆశ కలదో లేదో తేల్చుటకు కావలసిన కాలమునకు మించి ఇట్లు ఉంచరాదని తీర్పు చెప్పెను.

మన దేశము దీనికి తీసిపోలేదు. మతిభ్రష్టులని బీహారు రాష్ట్రపు హజారీబాగు కారాగారమున పెట్టబడినవారు, మతి కుదిరిన తరువాతను, కొందఱు 20 ఏండ్లకు మించి, అచ్చటనే పడియుండిన సంగతి 1982లో సుప్రీముకోర్టు ఎదుట బయటపడెను. అస్సాములో ఒక గిరిజన యువకుడు తీవ్రముగా గాయపఱచినాడను అభియోగముపై 1951లో పట్టుబడి, తేజపూరు మానసిక వైద్యశాలకు పంపబడెను. 1967లో వైద్యులు వానికి నయమైనదని వ్రాసిరి. ఇంటికి పంపుటకు మాఱుగా వానిని మరల చెఱసాలకు పంపిరి. 2005లో ఒక్క రూపాయి జామీనుపై వానిని విడిచిరి. పట్టుబడునాటికి ఇరువది మూడేండ్లవాడు, విడుదలనాటికి డెబ్బదియేడేండ్లవాడు. విచారణ యొక్కనాడును జరుగలేదు.

మందులిచ్చి మతి కుదిర్చి, ఆ పిదప శిక్షించుటకై బోనెక్కించుట వైద్యధర్మమగునా యని మఱియొక ప్రశ్న కలదు. ముద్దాయి వలదన్నను బలవంతముగా మందిచ్చుట అరుదైన సందర్భములలో తప్ప కూడదని 2003లో అమెరికా సుప్రీముకోర్టు కట్టడి చేసెను. మాకు ఈ విషయమున ఇంకను నిశ్చయము కలుగలేదు. మతి కుదురుట వానికి శిక్షకంటె గొప్ప మేలని ఒకప్పుడు తోచును. వైద్యుడు తలారికి మెట్టు కట్టుచున్నాడని మఱియొకప్పుడు తోచును.

చట్టమును గూర్చి యింత చెప్పి సంఘమును గూర్చి చెప్పకుండుట మాకు తగదు. గాలి సోకినదని, చేతబడి జరిగినదని ఏండ్ల తరబడి భూతవైద్యులచుట్టు త్రిప్పి, చివరకు పోలీసులు పట్టుకొనిపోవువఱకు వైద్యుని కంటబడనీయనివారు పల్లెలలోనే కాదు, పట్టణపు మిద్దెలలోను కలరు. వాల్తేరు, ఎఱ్ఱగడ్డ అను ఊళ్ల పేళ్లను పరిహాసమునకు వాడుకొను మన చదువరుల నాలుకలు ఏమంత సంస్కారము పొందినవి? 2009 సవరణ చేసిన మఱియొక మేలును వాడుకొనువారు లేకపోవుటకు కారణము ఇచ్చటనే యున్నది. ఆసుపత్రిలో ఉంచనక్కఱలేని ముద్దాయిని, నేరము జామీనునకు తగనిదైనను విడుదల చేయవలసినదే. కాని వానికి క్రమముగా వైద్యము చేయింతుననియు, వానివలన ఎవరికిని హాని కలుగకుండ చూతుననియు ఒక బంధువుగాని మిత్రుడుగాని మాట యియ్యవలెను.

మా వృద్ధుని వైద్యులు పరీక్షించి, వాడు ప్రతివాదము చేయజాలడనియు, ఇంటనుండియే మందులు పుచ్చుకొనవచ్చుననియు వ్రాసిరి. కొడుకునకు మూడు జాబులు వ్రాసితిమి. వచ్చి, తండ్రిని దూరమునుండి చూచి వెడలిపోయెను. అల్లుడు రానేలేదు. న్యాయవాది తన కక్షిదారునకు పూచీ పడరాదని మా వృత్తినియమము. దానిని చెప్పుకొని మేము సమాధానపడితిమి. చట్టములో బంధువను మాట ప్రక్కనే మిత్రుడను మాట కలదని మాకు తెలియును. ప్రతి ఆదివారము మాతోకూడ ఉపాసనకు కూర్చుండు నలువదిమందిలో పింఛనుదారులు, ఉపాధ్యాయులు, ఇద్దఱు వైద్యులు కూడ నుండిరి. వారిలో ఒక్కరినైనను మేము అడుగలేదు. వృద్ధుడు మఱి రెండేండ్లు చెఱసాలలోనే యుండి అచ్చటనే కన్ను మూసెను.