డూప్లికేట్

మా బడి పిల్లలు రాకెట్ అనరు, షటిల్ బ్యాట్ అంటారు. నేనూ అదే అంటాను. ప్రకాశం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే పంతుల్ని. ఆటల సారు పోస్టు ఖాళీ, కాబట్టి సాయంత్రం ఆటలు కూడా నావే.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కొత్త బ్యాట్ తెచ్చింది. మావాళ్ల పిల్లే, మాదిగపల్లె నుంచి వచ్చేది. నలుపూ ఎరుపూ రంగులో నిగనిగలాడుతోంది. యోనెక్స్ అనే పేరులో ఒక్క అక్షరం మార్చి అదే వాటంలో రాసి ఉంది. సంతలో మూడొందల యాభై పెట్టి కొన్నారంట. చూడగానే నా నోట్లోంచి వచ్చేసింది: "ఇది డూప్లికేట్ గదా!"

పిల్లలు నవ్వారు. ఊళ్లో పిల్లాడొకడు "వాళ్లకి అన్నీ డూప్లికేటే" అన్నాడు. ఆ పిల్ల బ్యాట్‌ని వెనక్కి దాచుకుంది. మర్నాటి నుంచి ఆటకి రాలేదు.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు స్టాఫ్ రూములో ఒక పెద్దాయన ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు. అప్పటికీ తేలక "ఓపెనా, రిజర్వేషనా?" అన్నాడు. రిజర్వేషనే అన్నాను. ఆయన తల ఊపిన తీరులో ఈ మాటే ఉంది. అప్పటికి నా పాఠం ఒక్కటీ వినలేదాయన. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాణ్ణి నేను. ఇన్నేళ్లుగా ఆ చూపుని తిట్టుకుంటా వచ్చాను. అదే చూపు నా కంట్లోకి ఎప్పుడు దూరింది?

మరేం చెయ్యాల? చూసీ చూడనట్టు ఊరుకోవాలా? ఊరుకుంటే మళ్లీ మోసపోయేది మనోళ్లే. మూడొందల యాభై అంటే వాళ్లమ్మకి ఒకరోజు కూలి. నిజం చెబితే పిల్ల చిన్నబోయింది. దాస్తే అమ్మినవాడు బాగుపడతాడు. ఈ చిక్కు ముడి నాకు విడలేదు.

వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి పోతుంది. "తప్పు నాదమ్మా, అందరి ముందూ అన్నాను" అన్నా. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది: "పైమెరుపు చూసి గ్రేడు కట్టం సారూ మేం. ఆకు చేతిలోకి తీసుకోవాల. రంగు చూడాల, సాగిద్దో లేదో చూడాల. అప్పుడు తెలిసిద్ది." గ్రేడు తేల్చేది ఆమె చెయ్యి. వేలంలో రేటు కట్టేది వేరేవాళ్లు.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. అందర్నీ కూర్చోబెట్టి, సైన్సు గదిలోంచి అయస్కాంతం తెచ్చాను. బ్యాట్ మీద గ్రాఫైట్ అని రాసి ఉంది. గ్రాఫైట్‌కి అయస్కాంతం అంటుకోదు. షాఫ్టు దగ్గర పెడితే టక్కున అంటుకుంది. ఇనుమే. కొట్లో తూకం వేయిస్తే 120 గ్రాములు. మంచి గ్రాఫైట్ బ్యాట్లు చాలావరకు 80, 90 గ్రాముల మధ్య ఉంటాయి. ఫ్రేమూ షాఫ్టూ కలిసే చోట వేరే ముక్క పెట్టి అతికారు. తల పట్టుకుని మెలిపెడితే కొంచెం కదిలింది. గట్ వదులు. బిగిద్దామంటే ఈ ఫ్రేము వంకరపోతుంది. అయితే బల్ల మీద బోర్లా పెడితే ఎక్కడా లేవలేదు. గట్ బెజ్జాల్లో ప్లాస్టిక్ గొట్టాలు సరిగానే ఉన్నాయి. అంతర్జాతీయ నియమాల ప్రకారం బ్యాట్ పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 దాటకూడదు. టేపు పెట్టి కొలిచాం, దాటలేదు. ఆ కొలతల్లో కంపెనీ పేరు లేదు, ధర లేదు.

"అయితే ఇది మంచిదా, చెడ్డదా సార్?" అంది పిల్ల.

"నేర్చుకోడానికి పనికొచ్చిద్ది. చెయ్యి తొందరగా నొప్పి పుట్టిద్ది. గట్టిగా స్మాష్ కొడితే అతుకు దగ్గర ఊడొచ్చు. అబద్ధం చెప్పింది నువ్వు కాదు, ఆ పేరు అంటించినోడు" అన్నాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ బ్యాట్‌కీ మాకూ పోలిక కుదరదనిపించింది. దానికి లేని గొప్పపేరు అంటించి ధర పెంచారు. మాకు మేం పెట్టుకోని పేరు అంటించి ధర తగ్గించారు. రెండూ సరుకుని చేతిలోకి తీసుకుని చూడనివ్వని అబద్ధాలే. రిజర్వేషన్ మా మీద స్టిక్కర్ కాదు. మమ్మల్ని చేతిలోకి తీసుకోక తప్పని పరిస్థితి తెచ్చిన చట్టం. ఇంకో సంగతి. 120 గ్రాముల బ్యాట్‌తో ఒక పిల్ల, 85 గ్రాముల బ్యాట్‌తో ఇంకో పిల్ల ఆడితే ఆ 35 గ్రాములు ఎవరూ లెక్కెయ్యరు. ఓడిన చేతినే లెక్కేస్తారు. దానికే మెరిట్ అని పేరు.

రెండ్రోజులకి ఆ ఊళ్లో పిల్లాడే తన బ్యాట్ పట్టుకొచ్చాడు. "నాదీ చూడండి సార్" అన్నాడు. అయస్కాంతం తీసి ఆ పిల్ల చేతికిచ్చాను. "నువ్వు చూసి చెప్పమ్మా" అన్నాను.