గాండీవం జారిపోయిన రోజు

ఈ వారం వీడియోలో భగవద్గీత మొదటి అధ్యాయం గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక విషయం ఇక్కడ చెప్పుకుందాం.

అర్జునుడు అనగానే మనకి విజయాలే గుర్తొస్తాయి. కానీ గీత మొదట్లో ఆయన చేతిలోంచి గాండీవం జారిపోతుంది. ఒళ్లు వణుకుతుంది, నోరు ఎండిపోతుంది, రథంలో కూలబడిపోతాడు. ఎదురుగా ఉన్నది ఎత్తుకుని పెంచిన భీష్ముడు, విద్య నేర్పిన ద్రోణుడు. వీళ్లని చంపే కంటే బిచ్చమెత్తుకుని బతకడం నయం అంటాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి! జాలి ఉంది, త్యాగం ఉంది, వైరాగ్యం కూడా ఉంది. కానీ కృష్ణుడు మెచ్చుకోలేదు. ఇదేం పిరికితనం, లే అన్నాడు.

పారిపోవాలన్న ఆలోచన ఎప్పుడూ మంచి మాటల వేషంలోనే వస్తుంది. ఇది నాకు అనుభవం.

కొన్నేళ్ల క్రితం నాన్నకి పక్షవాతం వచ్చింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలనెలా డబ్బు పంపేవాణ్ణి, రోజూ ఫోన్ చేసేవాణ్ణి, ఆయన పేరున గుళ్లో అర్చన కూడా చేయించేవాణ్ణి. వెళ్లడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. ప్రాజెక్ట్ ఉంది, సెలవు దొరకదు, నేను సంపాదిస్తేనే కదా మందులు... అన్నీ నిజాలే. అసలు నిజం వేరు. అంత గంభీరమైన మనిషి మాట తడబడుతుంటే చూడలేక భయం. ఒకరోజు అమ్మ అంది: "డబ్బులు అందాయి నాన్నా. నువ్వెప్పుడొస్తావు?" నా దగ్గర సమాధానం లేదు.

అయితే భగవంతుడి సంకల్పాన్ని ఒప్పుకోవడమంటే అంతా తలరాత అని చేతులు ముడుచుకుని కూర్చోవడమా? కానే కాదు. యుద్ధం ఆపడానికి కృష్ణుడే స్వయంగా హస్తినాపురానికి రాయబారం వెళ్లాడు. పాండవులు ఐదూళ్లు ఇచ్చినా చాలన్నారు. మార్చగలిగింది మార్చడానికి చివరిదాకా ప్రయత్నించాలి. ఇంట్లో ఎవరైనా హింసిస్తుంటే దాన్ని భరించడం దేవుడి ఇష్టం అనుకోకండి. అక్కడి నుంచి బయటపడి సాయం అడగడమే ధర్మం. ప్రయత్నాలన్నీ అయ్యాక కూడా మన ముందు నిలబడే పని ఒకటి ఉంటుంది చూశారా, దాని నుంచి మాత్రం పారిపోకూడదు.

నాకు చాలా ఇష్టమైన చోటు పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. అంతా చెప్పాక కృష్ణుడు ఆజ్ఞ వెయ్యలేదు. బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. అప్పుడు అర్జునుడు తనంతట తానే, నా మోహం పోయింది, నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్నాడు. శరణాగతి అంటే ఇదే. బలవంతంగా తల వంచడం కాదు, తెలిసి ఒప్పుకోవడం.

అలా ఒప్పుకున్నాక అర్జునుడికి కష్టాలు తగ్గాయా? లేదు. ఆ యుద్ధంలోనే కొడుకు అభిమన్యుణ్ణి పోగొట్టుకున్నాడు. కష్టం రాదని కృష్ణుడు మాటివ్వలేదు. కానీ గుర్రాల పగ్గాలు పట్టుకుని ఆయన ముందే కూర్చున్నాడు, చివరిదాకా తోడు వదల్లేదు.

నేను ఆ వారమే ఊరికి బయల్దేరాను. నాన్న కుడిచెయ్యి లేవట్లేదు. జీవితంలో మొదటిసారి ఆయనకి నేను అన్నం కలిపి తినిపించాను. ఇద్దరం ఏడ్చాం. నాన్నకి పూర్తిగా నయం కాలేదు. కానీ నేను అన్నాళ్లు భయపడింది ఆ గదిలో లేదు. అక్కడ ఉన్నది మా నాన్న, అంతే.

ఇవాళ రాత్రి దీపం దగ్గర రెండు నిమిషాలు కూర్చోండి. నేను దేన్నుంచి తప్పించుకు తిరుగుతున్నాను అని నిజాయితీగా అడుక్కోండి. అది ఒక ఫోన్ కాల్ కావచ్చు, చెప్పాల్సిన క్షమాపణ కావచ్చు, రాయాల్సిన పరీక్ష కావచ్చు. కృష్ణా, నాకు భయంగా ఉంది, అయినా చేస్తాను, నువ్వు పక్కనుండు అని చెప్పండి. పొద్దున్నే ఒక్క అడుగు వెయ్యండి.

శ్రీకృష్ణార్పణమస్తు.